శిక్ష, శోధన, స్తుతి: తెలుగు క్రైస్తవ కీర్తనలో దైవశిక్షణ భావన

ఉపోద్ఘాతం

తెలుగు ప్రొటెస్టెంట్ క్రైస్తవుల ఆరాధనలో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటికి ఉన్న స్థానం సుపరిచితం. వేర్వేరు మిషన్ల కృషితో ఏర్పడిన సంఘాలు ఒకే పుస్తకం నుంచి పాడుతూ వచ్చాయి. రాగతాళ నిర్దేశంతో, పల్లవీచరణాల నిర్మాణంతో సాగే ఈ కీర్తనలకు భక్తి సంప్రదాయంతో గల సంబంధాన్ని ఆర్.ఆర్. సుందరరావు 1983లో వెలువడిన తమ ఆంగ్ల గ్రంథంలో చర్చించారు. ఈ కీర్తనలకు ఆధారమైన భావాలలో ఒకటి మాత్రం విడిగా పరిశీలించదగినది. తనకు కలిగిన కష్టాన్ని దేవుడు తనను దిద్దుతున్న శిక్షగా గుర్తించి, ఆ శిక్ష ముగియకముందే ఆయనను స్తుతించడం ఆ భావం.

శిక్షిస్తున్నవాణ్ణి స్తుతించడం మొదటి చూపుకు విరుద్ధంగా తోస్తుంది. ఆ స్తుతి భయం వల్ల పుట్టిన ముఖస్తుతి కాదనడానికి ఆధారమేమిటి? ఏ కష్టాన్ని శిక్ష అనవచ్చు? అలా అనే అధికారం ఎవరిది? ఈ ప్రశ్నలకు వేదాంతశాస్త్రం తనదైన సమాధానాలు ఇస్తుంది. తెలుగు భాషాసాహిత్యాలు కూడా వీటికి సమాధానం సమకూర్చాయని, ఆ సమాధానం పదంలో, కీర్తన నిర్మాణంలో, పురుషవాచకంలో కనిపిస్తుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విశాఖ – శ్రీకాకుళం దారి

తెలుగు క్రైస్తవ సాహిత్యం తొలి అడుగులు వేసిన ప్రాంతాలలో ఉత్తరాంధ్ర తీరం ముఖ్యమైనది. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి అనువాదంలో తోడ్పడ్డాడు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ మరణించారు. వచ్చిన అయిదేళ్లకే ఇద్దరూ పోయినా వారి పని నిలిచింది. డెస్ గ్రాంజెస్ అనువదించిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. ఆ తరువాత విశాఖకు వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. 1875లో కెనడా బాప్టిస్టులు భీమునిపట్నంలో కేంద్రం నెలకొల్పారు.

విశాఖపట్నం నుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపు సాగే దారిలో, గోస్తనీ నది ఒడ్డున, భీమునిపట్నానికి చేరువలో ఉన్న తగరపువలస ఈ చరిత్రకు నడిమి భూమి. విశాఖ కేంద్రానికీ, పురుషోత్తమ చౌదరి జీవితంతో ముడిపడిన శ్రీకాకుళానికీ మధ్య ఉన్న ఈ ఊరు నేడు మహావిశాఖలో భాగం. ఈ వ్యాసం చివరి భాగంలో చర్చించే ప్రశ్నకు కూడా ఈ ఊరి పరిసరాలే నిదర్శనం ఇస్తాయి.

విశాఖ సువార్తలు అచ్చయిన 1812లోనే శ్రీరాంపురం ముద్రణాలయం అగ్నికి ఆహుతైంది. మార్చి 11 రాత్రి జరిగిన ఆ ప్రమాదంలో అనేక ప్రాచ్య భాషల అచ్చక్షరాలు, కాగితం, వ్రాతప్రతులు కాలిపోయాయి. నష్టపోయినవాటిలో విలియం కేరీ తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి ఒకటి. ఈ నష్టాన్ని ఆయన ప్రభువు చేసిన దిద్దుబాటుగా భావించాడు. దెబ్బ కొట్టే హక్కు ఆయనకు ఉన్నదనీ, తాము దానికి అర్హులమేననీ మిత్రుడు ఆండ్రూ ఫుల్లర్‌కు రాసిన లేఖలో పేర్కొన్నాడు. ప్రమాదం తరువాత 46వ కీర్తనపై చేసిన ప్రసంగంలో, మనుషులను తన చిత్తప్రకారం నడిపించే హక్కు దేవునికి ఉన్నదనీ, దానికి లోబడడం మనిషి కర్తవ్యమనీ రెండు విషయాలు బోధించాడు. అక్షరాల అచ్చుమూసలు మంటల్లో చెడిపోకపోవడంతో అక్షరాలను మళ్లీ పోతపోశారు. కేరీ తిరిగి రాసిన తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది.

ఈ సంఘటనలో గమనించవలసినది ఒకటి ఉంది. కేరీ ‘మేము అర్హులం’ అన్నాడు. కాలిపోయిన పని ఆయనది, ఆయన సహచరులది. శిక్ష అన్న మాటను ఆయన తనకే అన్వయించుకున్నాడు. ఈ అన్వయ పద్ధతి ప్రాముఖ్యం ముందు ముందు స్పష్టమవుతుంది.

మూడు పదాలు: శిక్ష, శోధన, శ్రమ

సామెతలు 3వ అధ్యాయంలోనూ, దానిని ఉదహరించే హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయంలోనూ తండ్రి కుమారుణ్ణి దిద్దే భావం ఉంది. అక్కడి గ్రీకు పదం ‘పైదేయా’కు పిల్లల పెంపకం, విద్య, క్రమశిక్షణ, దండన అనే అర్థాలన్నీ ఉన్నాయి. హీబ్రూ ‘మూసార్’ పదానిదీ దాదాపు ఇదే విస్తృతి. ఇన్ని అర్థాలను ఒకే మాటలో చెప్పడం అనువాదకులకు కష్టం. తెలుగు అనువాదానికి మాత్రం ‘శిక్ష’ అనే సిద్ధమైన పదం దొరికింది.

సంస్కృతంలో శిక్ష అంటే అభ్యాసం, విద్య. వేదాంగాలలో మొదటిది శిక్ష. తైత్తిరీయోపనిషత్తులో ఒక భాగం పేరు శీక్షావల్లి. వ్యవహారంలో ఈ పదం దండనార్థంలో స్థిరపడింది. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు రెండర్థాలనూ నమోదు చేసింది. నేటి తెలుగులో న్యాయస్థానం విధించేది శిక్ష, గురువు ఇచ్చేది శిక్షణ. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. తరతరాల తెలుగు పిల్లలకు అక్షరాలు నేర్పిన పుస్తకం ‘పెద్ద బాలశిక్ష’. బాగా నేర్చినవాడు సుశిక్షితుడు. గలతీయులకు రాసిన పత్రికలో ధర్మశాస్త్రాన్ని తెలుగు బైబిలు బాలశిక్షకుడు అంటుంది. ఆ మాట విన్న తెలుగు శ్రోతకు బెత్తంతో పాటు బడి కూడా గుర్తుకు వస్తుంది. ‘దేవుడు నన్ను శిక్షించాడు’ అన్న వాక్యంలో ‘దేవుడు నాకు నేర్పాడు’ అన్న ధ్వని తెలుగులో పదస్వభావం వల్లనే ఇమిడి ఉంది.

అయితే ఈ పదానికి మతపరమైన వాడుక క్రైస్తవానికి పూర్వమే ఉంది. ‘దుష్టశిక్షణ, శిష్టరక్షణ’ అవతార ప్రయోజనాన్ని చెప్పే జంటపదం. అందులో శిక్షకూ రక్షకూ పాత్రులు వేర్వేరు. దుష్టునికి శిక్ష, శిష్టునికి రక్ష. తెలుగు క్రైస్తవ వాడుక ఈ విభజనను చెరిపివేసింది. శిక్ష పొందేవాడూ రక్ష పొందేవాడూ ఒక్కడే, అతడు కుమారుడు. శిష్ట, శిష్య పదాలు రెండూ ‘శాస్’ ధాతువు నుంచి పుట్టినవే, ఆ ధాతువుకు శాసించడం, బోధించడం రెండూ అర్థాలే. దిద్దబడనివాడు శిష్టుడు కాలేడన్న భావం ఆ పదచరిత్రలోనే ఉంది. దానిని భక్తుని స్వీయానుభవంగా మలచింది క్రైస్తవ కీర్తన.

మిగిలిన రెండు పదాలను కూడా విడిగా చూడాలి. పరీక్షకూ ప్రలోభానికీ తెలుగు క్రైస్తవ వాడుకలో ‘శోధన’ అంటారు. దీని ధాత్వర్థం శుద్ధి చేయడం. లోహాన్ని కాల్చి మలినాన్ని తీసే ఉపమానం ప్రవక్తల గ్రంథాల్లో తరచు వస్తుంది. యెషయా మొదటి అధ్యాయంలో వెండిలో కలిసిన తగరాన్ని తీసివేయడంగా దేవుని దిద్దుబాటును వర్ణించారు. తగరపువలస పేరుకూ ఆ వచనానికీ చారిత్రక సంబంధం లేదు కాని, ఆ ప్రాంతపు శ్రోతకు ఆ లోహం పేరు ఊరి పేరంత పరిచితం. ఇక ‘శ్రమ’. సాధారణ తెలుగులో శ్రమ అంటే పని, ఆయాసం. క్రైస్తవ తెలుగులో అది బాధ, ఉపద్రవం. క్రీస్తు బాధలను స్మరించే రోజులు శ్రమల దినాలు. శ్రమ విశాలమైన పదం, శోధన, శిక్ష అందులోని విశేషాలు. ప్రతి శిక్షా శ్రమే. ప్రతి శ్రమా శిక్ష కాదు. తెలుగు క్రైస్తవ పదజాలం తనంత తానుగా కాపాడుకున్న ఈ తేడాను వివరణలో చెరిపివేసినప్పుడే చిక్కులు ఏర్పడ్డాయి.

భాగవత పూర్వరంగం

దండించేవాణ్ణి దండన సమయంలోనే స్తుతించడం తెలుగు పాఠకునికి కొత్త కాదు. భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు కాళియుని పడగలపై నర్తిస్తుండగా నాగపత్నులు స్తోత్రం చేస్తారు. దుర్జనులకు ఈ దండన పాపాన్ని పోగొట్టేదనీ, ఇది నిజానికి అనుగ్రహమేననీ వారి వాదం. అష్టమస్కంధంలో బలి వరుణపాశాలకు చిక్కి, సర్వస్వం కోల్పోయి, మూడవ అడుగుకు తన తల చూపుతాడు. ప్రహ్లాదుడు వచ్చి, ఐశ్వర్యాన్ని తీసివేయడం కూడా దయేనంటాడు. పోతన తెలుగు ద్వారా ఈ ఘట్టాలు పండితపామరులందరికీ చేరాయి.

ఈ పూర్వరంగానికీ క్రైస్తవ కీర్తనకూ పోలిక ఎంతో భేదమూ అంతే. నాగపత్నుల స్తోత్రంలో దండన పొందేవాడు ఒకడు, స్తుతించేవారు వేరొకరు. భర్త ప్రాణాలకోసం చేసిన విన్నపం అది. బలి ఘట్టం ఇంకా దగ్గరిది. అక్కడ బంధితుడే మాట్లాడతాడు. అయితే బలికి అది జీవితంలో ఒక మహాఘట్టం, వామనునితో ముఖాముఖి. క్రైస్తవ కీర్తనలో శిక్ష దైనందినం. తండ్రి ఇంట్లో రోజూ జరిగే దిద్దుబాటు అది. బలి విషయంలో ఇతిహాస ఘటనగా ఉన్న భావాన్ని కీర్తన సామాన్య విశ్వాసి నిత్యజీవితంలోకి తెచ్చింది.

భక్తి సంప్రదాయంలో మరొక మార్గం నిందాస్తుతి. గోల్కొండ చెరసాలలో కంచెర్ల గోపన్న చేయించిన నగల లెక్క చెప్పి రాముణ్ణి నిలదీశాడు. చివరకు దెబ్బలు ఓర్వలేక తిట్టానని క్షమాపణ వేడుకున్నాడు. కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’ వ్యాజస్తుతికి ప్రసిద్ధం. నిందాస్తుతిలో భక్తుడు దేవునిపై అభియోగం మోపుతాడు, శిక్షాస్తుతిలో తనపై తాను మోపుకుంటాడు. ఈ భేదాన్ని మతభేదంగా భావించడం సరికాదు. బైబిలు కీర్తనల గ్రంథంలో విలాపాలు అనేకం. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, స్తుతివైపు మళ్లదు. సిలువపై యేసు పలికినది 22వ కీర్తనలోని నిలదీత. తెలుగులోని రెండు మార్గాలూ బైబిలులోనూ ఉన్నాయి.

పురుషోత్తమ చౌదరి, పల్లవి నిర్మాణం

తెలుగు క్రైస్తవ కీర్తనకు రూపమిచ్చినవారిలో పురుషోత్తమ చౌదరి (1803–1890) అగ్రగణ్యుడు. వంగ బ్రాహ్మణ వంశీకుడు. నేటి శ్రీకాకుళం ప్రాంతంలోని తర్లా జమీందారీకి చెందిన మదనాపురంలో పుట్టాడు. 1833లో బాప్తిస్మం పొందాడు. వందకు పైగా కీర్తనలతో పాటు ‘యేసునాయక శతకము’, ‘కులాచార పరీక్ష’, ‘నిస్తార రత్నాకరము’ మొదలైన రచనలు చేశాడు. ఆనాటి బ్రాహ్మణునికి మతం మారడం కులానికీ, బంధువర్గానికీ, ఆస్తికీ దూరమవడం. ఆయన కీర్తనల్లోని ఆర్తికి ఈ వియోగానుభవం నేపథ్యం. ‘త్రాహి మాం’ వంటి సంస్కృత శరణాగతి పదాలు, ‘నాథ’ సంబోధన, రాగతాళాలు ఆయన కీర్తనకు సహజాలంకారాలు.

శిక్షాస్తుతిని అర్థం చేసుకోవడానికి కీర్తన నిర్మాణం కీలకం. హెబ్రీయులకు రాసిన పత్రిక తర్కంలో కాలక్రమం ఉంది. శిక్ష ప్రస్తుతానికి దుఃఖకరం, ఫలం తరువాత వస్తుంది. ఆ క్రమం ప్రకారం స్తుతి శిక్షానంతరం రావాలి. గద్యంలో, ఉపన్యాసంలో ఈ క్రమాన్ని అలాగే పాటించవచ్చు. కీర్తనలో అది సాధ్యం కాదు. పల్లవి మొదటే వస్తుంది. ప్రతి చరణం తరువాత మళ్లీ వస్తుంది. చరణం పాపాన్ని ఒప్పుకుంటుంది, కన్నీటిని చెప్తుంది, దయకోసం వేడుకుంటుంది. అది ముగిసిన వెంటనే గాయకుడు పల్లవికి తిరిగి రావాలి. పల్లవి స్తుతి అయినప్పుడు, ప్రతి దుఃఖవాక్యమూ స్తుతిలోకి మళ్లుతుంది. కథ సుఖాంతమైందన్న హామీ అవసరం లేకుండానే స్తుతి వినిపిస్తుంది.

అంటే శిక్షాకాలంలోనే స్తుతించడం అనే భావం తెలుగు కీర్తనలో బోధ ద్వారా కంటె రూపం ద్వారా సిద్ధించింది. ముఖస్తుతి అన్న సందేహానికి ఇక్కడ సమాధానం దొరుకుతుంది. ముఖస్తుతి బాధను దాచిపెడుతుంది. కీర్తనలో చరణం బాధను దాచదు, పల్లవి దానిని చెరపదు. రెండూ పక్కపక్కనే నిలుస్తాయి. పల్లవే ప్రార్థన అయిన కీర్తనల్లో ఇదే అమరిక మరో విధంగా పనిచేస్తుంది. చరణాలు దేవుని గుణగణాలను చెప్తాయి, పల్లవి ప్రతిసారీ ‘రక్షించు’ అన్న మొరకు తిరిగి వస్తుంది. స్తుతి అవసరాన్ని మరపించకుండా ఆ మొర కాపాడుతుంది. భక్తి కీర్తనల్లో శతాబ్దాలుగా ఉన్న ఈ నిర్మాణ సౌలభ్యం పాశ్చాత్య కీర్తనల అనువాదాలకు అంతగా లేదు. వాటిలో చాలా వరకు చరణాలు వరుసగా ముందుకు సాగి కథను ముగిస్తాయి.

ఉత్తమపురుష సరిహద్దు

శిక్షాస్తుతికి ఉన్న బలం ఎంతటిదో దానివల్ల కలిగే ప్రమాదమూ అంతటిదే. తన కష్టాన్ని శిక్షగా గుర్తించి స్తుతించడం ఒకటి. ఎదుటివాని కష్టాన్ని శిక్ష అని తీర్పు చెప్పడం వేరొకటి. ఈ రెంటికీ మధ్య సరిహద్దు వ్యాకరణంలో పురుషభేదం.

యోబు గ్రంథం ఇందుకు ప్రబల ఉదాహరణ. దేవుడు దిద్దే మనిషి ధన్యుడన్న భావాన్ని 5వ అధ్యాయంలో యోబుకు చెప్పినవాడు ఎలీఫజు. అది సామెతల గ్రంథం బోధకు భిన్నమైనది కాదు. అయినా 42వ అధ్యాయంలో దేవుడు ఎలీఫజుపై, అతని మిత్రులపై కోపించి, వారు యుక్తమైనది పలకలేదంటాడు. సిద్ధాంతం అదే, పురుషం మారింది. ఉత్తమపురుషలో సాక్ష్యంగా ఉండగలిగిన వాక్యం మధ్యమపురుషలో అభియోగమైంది. సిలోయము గోపురం కూలి చనిపోయినవారు ఇతరులకంటె పాపులని తలచవద్దని లూకా 13లో యేసు చెప్పాడు. పుట్టుగుడ్డివాని విషయంలో ఎవరి పాపమన్న శిష్యుల ప్రశ్ననే యోహాను 9లో తిరస్కరించాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక సామెతల మధ్యమపురుష వాక్యాన్ని ఉదహరించి, దానిని వివరించేటప్పుడు ‘మనము’ లోకి మారుతుంది. తెలుగు ‘మనము’ వక్తను కూడా కలుపుకుంటుంది. బోధకుడు తనను చేర్చుకోకుండా శిక్షను గురించి మాట్లాడలేడన్న నియమం ఆ సర్వనామంలో ఉంది.

ఈ సరిహద్దు తెలుగు క్రైస్తవానికి సామాజికంగా అత్యవసరం. సంఘాలలో అధికులు దళితులు. 1876–78 కరవులో ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హాం కాలువ పనుల ద్వారా కూలి కల్పించిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ, సహాయకాలం ముగిసేవరకు బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరవుబాధితుని ఆకలినీ, అతని విశ్వాసాన్నీ కలిపి లెక్కించరాదన్న జాగ్రత్త ఆ నిరీక్షణలో కనిపిస్తుంది. అదే జాగ్రత్త వేదాంతానికీ అవసరం. వెలివాడలో పుట్టడం, ఊరి బావికి దూరంగా ఉండవలసి రావడం దేవుని శిక్ష కాదు, మనుషుల అన్యాయం. పూర్వజన్మ కర్మ అన్న మాటను విడిచి వచ్చినవారికి అదే భారాన్ని ‘దైవశిక్ష’ అన్న కొత్త పేరుతో తిరిగి మోపితే మతాంతరణం అర్థరహితమవుతుంది.

గుఱ్ఱం జాషువ (1895–1971) ఈ విషయాన్ని కవిత్వంలో స్థాపించాడు. 1941 నాటి ‘గబ్బిలం’లో అరుంధతీసుతుడు తన దుఃఖాన్ని గబ్బిలం ద్వారా కాశీ విశ్వనాథునికి నివేదిస్తాడు. అతడు తన బాధను శిక్షగా అంగీకరించడు, మనుషులు చేసిన అన్యాయంగా గుర్తించి దేవుని ముందు ఫిర్యాదు చేస్తాడు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన కవి, అదే దృష్టితో నిందార్హమైన వ్యవస్థనూ స్తుత్యుడైన క్రీస్తునూ వేరుచేసి చూశాడు. పురుషోత్తమ చౌదరి శిక్షాస్తుతినీ, జాషువ నిలదీతనూ పరస్పర విరుద్ధాలుగా కాక, ఒకే సరిహద్దుకు ఇరువైపుల గీతాలుగా చదవవచ్చు. మొదటిది ఉత్తమపురుషలో పశ్చాత్తాపం, రెండవది ఉత్తమపురుషలో న్యాయార్థన.

తగరపువలస పరిసరాలు ఈ వివేచనకు సమీపకాలపు నిదర్శనాన్ని ఇస్తాయి. పక్కనే ఉన్న చిట్టివలసలో తరతరాలుగా జీవనాధారంగా ఉన్న జూట్ మిల్లు 2009లో మూతపడింది. అలా ఉపాధి కోల్పోయిన ఇంటికి ‘ఇది దేవుని శిక్ష’ అన్న వివరణ తీసుకువెళ్లేవాడు ఎలీఫజు మాటే మాట్లాడతాడు. జనపనార ధరలు, యాజమాన్య నిర్ణయాలు, కార్మిక చట్టాలు చర్చించవలసిన చోట అది మౌనాన్ని విధిస్తుంది. అయితే ఆ ఇంటిలోనివారే, ఈ కాలంలో దేవుడు తమకు సహనాన్ని నేర్పాడని సాక్ష్యం చెప్పుకుంటే దానిని తిరస్కరించే హక్కు బయటివారికి లేదు. వారు ఆ సాక్ష్యం చెప్తూనే బకాయిలకోసం పోరాడవచ్చు. పల్లవీచరణాలు కలిసి ఉన్నట్లే స్తుతీ న్యాయార్థనా కలిసి ఉండగలవు. శ్రమ అన్న మాటకు పని, బాధ అనే రెండర్థాలనూ నిలుపుకున్న భాషలో ఈ సహజీవనం అసహజం కాదు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ‘శిక్ష’ పదంలోని విద్యార్థం వల్ల దైవదండనను బోధగా గ్రహించే అవకాశం తెలుగు క్రైస్తవ కవులకు భాషలోనే లభించింది. దుష్టునికి శిక్ష, శిష్టునికి రక్ష అన్న విభజనకు బదులు, రెండింటికీ ఒకే పాత్రుణ్ణి నిలపడం వారి ప్రత్యేకత. రెండు, భాగవతంలోని స్తుతులు ఈ భావానికి పూర్వరంగం సిద్ధం చేయగా, పల్లవి పునరావృత్తి శిక్షానంతర స్తుతిని శిక్షాకాల స్తుతిగా మార్చింది. మూడు, ఈ స్తుతికి ఉత్తమపురుష సరిహద్దు. ఆ గీత దాటి ఇతరుల కష్టానికి అన్వయించినప్పుడు అది స్తుతి లక్షణాన్ని కోల్పోయి తీర్పవుతుంది.

తెలుగు క్రైస్తవ కీర్తనలను రాగ, ఛందో, భక్తిరస దృష్టులతో పాటు ‘ఎవరు, ఎవరిని గురించి, ఏ పురుషలో పలుకుతున్నారు’ అన్న దృష్టితోనూ చదవవలసి ఉంది. శిక్ష, శోధన, శ్రమ పదాల ప్రయోగాలను కీర్తనల సంపుటి అంతటా వర్గీకరించి, ఒక్కొక్కదానికి కర్త, కర్మ, పురుషం గుర్తిస్తే, తెలుగు క్రైస్తవ సమాజం తన బాధను ఏయే కాలాల్లో దేవునికి ఆపాదించిందో, ఏయే కాలాల్లో మనుషులను ప్రశ్నించిందో తేటతెల్లమవుతుంది.